పిట్ట రెట్ట తెల్లబడిన కథ

ఒకప్పుడు పిట్టలన్నీ నీళ్ళలోనే గుడ్లు పెట్టేవి. రెట్ట కూడా నీళ్ళలోనే వేసేవి. దానికి రంగూ రూపూ ఏమీ ఉండేది కాదు. నీళ్ళలో నీళ్ళయిపోయేది. రెట్ట అన్నానని నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. ఈ కథంతా దాని గురించే. మాటిమాటికీ ఆగడం నావల్ల కాదు.

అయిందా? సరే.

ఆ రోజుల్లో ఒక చెరువు గట్టున ఒక లకుముకి పిట్ట ఉండేది. నీలం రెక్కలు, పొడుగు ముక్కు. పొద్దస్తమానం చేపలు పట్టుకు తినేది. అది చెరువులో నాలుగు గుడ్లు పెట్టింది. అప్పట్లో పిట్టల గుడ్లకి పెంకు లేదు, కప్పగుడ్లలా జిగురుగా ఉండేవి. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ఒక్కటీ లేదు. ఆ పక్కనే కొరమీను మామ నిదానంగా నములుతున్నాడు.

"మామా, నా గుడ్లు చూశావా?" అంది లకుముకి.

"చూశాను. బాగున్నాయి."

"తినేశావా?"

"మొన్న నువ్వు తిన్నది మా మూడో అబ్బాయిని. నేనేమైనా అడిగానా?" అన్నాడు కొరమీను.

మామ మాటలో న్యాయం ఉంది. న్యాయం ఉన్నా కడుపుకోత కడుపుకోతే కదా. లకుముకి గట్టెక్కి కూచుని చాలాసేపు ఏడ్చింది.

దాని మొగుడు మంచివాడే గాని, ఓదార్చడం రాదు. ఒక చేప పట్టుకొచ్చి ముందు పెట్టి, "తినవే" అన్నాడు. అంతకు మించి ఏం చెప్పాలో అతనికి తెలీదు.

మరుసటి ఏడు లకుముకి జాగ్రత్త పడింది. నత్తగుల్లలు ఏరుకుని తిని, ఆ సున్నంతో ఒక్కో గుడ్డు చుట్టూ గోడ కట్టింది. తలుపు లేదు, కిటికీ లేదు. గట్టులో బొరియ తవ్వి, నాలుగు గుడ్లూ అందులో పెట్టి, వాటిమీద కూచుంది. ఒక్క చేప కూడా ఆ దరిదాపులకి రాలేదు. కొరమీను మామ నీళ్ళలోంచి చూసి, "ఇల్లు బాగా కట్టింది" అన్నాడు.

మూడు రోజులు గుడ్లలో సన్నగా కదలిక తెలిసింది. నాలుగో రోజు ఆగిపోయింది. లకుముకి ఇంకో వారం ఓపిక పట్టి, ఆఖరికి ఒక గుడ్డుని ముక్కుతో పగలగొట్టింది. లోపల్నించి గుప్పున ఘాటు కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొన్ని ఘాటు వల్ల, కొన్ని లోపల ఉన్నదాన్ని చూసి.

ఇక్కడ కథ ఆపి మనం పిట్ట కడుపులోకి వెళ్ళాలి. చీకటిగా ఉంటుంది, చూసి నడవండి.

చేప మాంసం అంటే ఏమిటనుకున్నారు? మల్లెమొగ్గల దండలు. వందల మొగ్గల దండలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. పప్పూ అంతే, గుడ్డూ అంతే. అవి కడుపులో పడగానే అక్కడి పులుపు ఆ చుట్టల్ని విప్పేస్తుంది. కత్తెర్లు వచ్చి దండల్ని ముక్కలు ముక్కలు చేస్తాయి. పేగులో ఇంకో జట్టు కత్తెర్లుంటాయి. అవి ఏ మొగ్గకా మొగ్గ విడదీస్తాయి. ఆ విడి మొగ్గలు నెత్తుటిలో కలిసి కాలేయం దగ్గరికి వెళతాయి. మాంసం కొట్లో కార్జం అంటారే, అదే.

కార్జం పద్ధతైన మనిషి. మొగ్గలన్నీ ముందేసుకుని కూచుంటుంది. "ఈక కట్టడానికి ఇవి, గోరు కట్టడానికి ఇవి" అని పంచి పంపిస్తుంది. అక్కడ వాటిని మళ్ళీ కొత్త దండలుగా గుచ్చుకుంటారు. నిన్న చేపలో ఉన్న మొగ్గ ఇవాళ పిట్ట రెక్కలో ఉంటుందన్నమాట.

మరి మిగిలిపోయిన మొగ్గలు? కొవ్వయితే దాచుకోవచ్చు. చక్కెరైతే కొంత దాచుకోవచ్చు. మొగ్గలకి మాత్రం ఒంట్లో అటక లేదు. అందుకని కార్జం వాటికి తొడిమ తుంచేస్తుంది. తొడిమ లేని మొగ్గ పొయ్యిలోకి పోతుంది, ఒంటికి వేడిస్తుంది. తొడిమ మాత్రం దేనికీ పనికిరాదు. పైగా విషం. ఊరేకొద్దీ ఘాటెక్కుతుంది. కడగని మూత్రశాల ముందు ముక్కు మూసుకుని పరిగెడతామే, ఆ ఘాటు.

ఇక బయటికి రండి. కాళ్ళు తుడుచుకోండి.

"ఇది నీ పనేనా?" అని లకుముకి తన కార్జాన్ని నిలదీసింది.

"తుంచడం నా పని. బయటికి మోసుకుపోవడం నీళ్ళ పని" అంది కార్జం. "గుడ్డులో పిల్లకీ ఒక చిన్న కార్జం ఉంది అమ్మాయ్. నువ్వు పెట్టిన తిండి తిని, తొడిమలు తుంచింది. తుంచి ఎక్కడ పారెయ్యాలి? నువ్వు తలుపు పెట్టలేదు."

లకుముకి మళ్ళీ నాలుగు గుడ్లు పెట్టింది. ఈసారి ఒక్కో గుడ్డుకి ముక్కుతో సన్నని బెజ్జం పొడిచింది, ఘాటు పోవడానికి. ఘాటు పోయిందో లేదో తెలీదు గాని, చీమలు వచ్చాయి. దాని గురించి ఇంతకంటే చెప్పను.

మొగుడు మళ్ళీ చేప తెచ్చి పెట్టాడు.

అప్పుడు లకుముకి కప్ప దగ్గరికి వెళ్ళింది. "కప్పక్కా, నువ్వు నేలమీద కూడా తిరుగుతావు కదా. నీళ్ళు లేనిచోట నీ తొడిమలేం చేస్తావు?"

"అదా? రెండు తొడిమలు తీసుకుని, మనం వదిలేసే గాలి ఉంటుందే, దానికి కలిపి కట్టేస్తాను. ఘాటు చచ్చిపోతుంది. సంచీలో పోసుకుని తిరుగుతాను" అంది కప్ప. "ఎవరైనా పిల్లలు నన్ను పట్టుకుంటే వాళ్ళ చేతిలో పోస్తాను. అదో సరదా."

ఆ విద్యే తర్వాత మనుషులూ నేర్చుకున్నారు. పప్పు తిన్నా మాంసం తిన్నా మన కార్జం తొడిమల్ని రెండేసి కట్టి, ఉచ్చలో పంపించేస్తుంది. మనం చదువుకున్నది కప్ప బళ్ళోనే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

లకుముకి కార్జం ఆ కట్టు నేర్చుకుంది. నేర్చుకున్న సంగతి పచ్చసొనలో కబురుగా పెట్టి గుడ్డులో పంపింది. పిల్లల చిన్న కార్జాలు ఆ కబురు విన్నాయి. నాలుగో రోజు దాటింది. గుడ్లు కదులుతున్నాయి. ఐదు, ఆరు, ఏడు. లకుముకి పిల్లలకి పేర్లు కూడా అనుకుంది. పదో రోజు ఆగిపోయాయి.

"కప్ప కట్టు నీళ్ళలో కరిగే కట్టు" అంది కార్జం. "గుడ్డులో ఉన్నవే గుక్కెడు నీళ్ళు. కట్టిందంతా ఆ నీళ్ళలోనే చేరింది. రోజురోజుకీ చిక్కబడింది. పిల్ల ఉండేదీ ఆ నీళ్ళలోనే కదా. నేను చెయ్యగలిగింది చేశాను అమ్మాయ్."

మొగుడు తెచ్చిన చేపని లకుముకి ముట్టలేదు. ఆ పేర్లు మళ్ళీ తలుచుకోలేదు. చెరువు వదిలేసి, రెక్కలు పట్టుతప్పేదాకా ఎగిరింది. ఎగిరి ఎగిరి సముద్రపొడ్డున ఉప్పుమళ్ళ గట్టుమీద వాలింది.

అక్కడ నూకాలు అనే ముసలామె ఉప్పు లాగుతోంది. పొడుగాటి కర్రకి అడ్డంగా కొట్టిన చెక్కతో మడిలోని ఉప్పుని గట్టుకి లాగి, కుప్ప పోస్తోంది. ఎండ మాడ్చేస్తోంది. ఆమె పిట్టని చాలాసేపు చూసింది.

"ఏటే పిట్టా, ఇందాకట్నించీ సూస్తన్నాను, రెక్క కదపవు. పిల్లలు లేరేటి నీకు?"

"పదహారు గుడ్లు పెట్టాను. ఒక్కరూ లేరు" అంది లకుముకి.

నూకాలు కర్ర పక్కన పెట్టింది. మూట విప్పి, తన గంజిలోకి తెచ్చుకున్న ఎండుచేపలో సగం విరిచి పిట్ట ముందు పెట్టింది. దుఃఖంలో ఉన్నవాళ్ళకి అందరూ చేపే ఎందుకు పెడతారో లకుముకికి అర్థం కాలేదు. అయినా ఆ రోజు తింది.

"ఈ నీళ్ళు ఇంత ఉప్పగా ఉన్నాయి, వీటిలో నిలబడితే నీ కాళ్ళు మండవా?" అని అడిగింది.

"మండవా మరి? ఉప్పు నీళ్ళల్లో ఉన్నంతసేపూ పెతి సుక్కలోనూ ఉంటాది. ఏ మూల కాలెట్టినా మంటే. ఒక్కసారి గట్టుకి లాగీసినామా, ఇంక దాని దారి దానిది, నీళ్ళ దారి నీళ్ళది. అలా మూల పడుంటాది, ఎవుర్నీ ఏటీ అనదు."

"వానొస్తే?"

"కరిగి మళ్ళీ మడిలోకే పోద్ది. అందుకే తాటాకులు కప్పుకుంటాను. కరగని ఉప్పే ఉంటే నాకీ తిప్పలెందుకు?" అని నూకాలు కర్ర తీసుకుంది.

లకుముకి చేపముక్క నోట్లోనే పెట్టుకుని ఆగిపోయింది.

"కార్జమా, విన్నావా?"

"విన్నాను" అంది కార్జం. ఎందుకో దాని గొంతు నీరసంగా ఉంది.

"కరగని కట్టు కట్టగలవా?"

"కట్టొచ్చు. కప్ప రెండు తొడిమలు కడుతుంది, నేను నాలుగు కట్టాలి. ఒక్క గడ్డగా బిగించాలి. ముప్పుతిప్పలు పెట్టే పని. పొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉండాలి. నువ్వు ఇప్పుడు తినేదానికంటే ఎక్కువ తినాలి. తెల్లారకముందే లేవాలి."

"లేస్తాను."

"కొమ్మమీద కూచుని గాలి పోసుకోవడం ఇక కుదరదు."

"వద్దులే."

"నీ ఉచ్చసంచీ తీసేస్తాను. గడ్డకి సంచీ ఎందుకు? ఉన్నదంతా ఒకే దారిన పోవాలి. ఎగరడానికి తేలికే. కాని ఇంకో మాట ఉంది" అని కార్జం కాస్త తటపటాయించింది. "అది తెల్లగా ఉంటుంది. సున్నంలాగా. ఇప్పటిదాకా నువ్వు ఎక్కడ వేసినా ఎవరికీ తెలీదు. ఇక నుంచి అందరికీ తెలుస్తుంది. చూసినవాళ్ళు తిట్టుకుంటారు. పరువు ఉండదు."

"పోనీ" అంది లకుముకి.

అది చెరువుకి తిరిగి వచ్చేసరికి మొగుడు బొరియ ముందే కూచుని ఉన్నాడు. పక్కన ఏడు చేపలు ఎండిపోయి ఉన్నాయి. రోజుకొకటి తెచ్చి పెట్టాడన్నమాట. లకుముకి ఏడూ తినేసింది. కార్జానికి పని మొదలైంది.

కొత్త కట్టు కబురు పచ్చసొనలో పెట్టి, మళ్ళీ నాలుగు గుడ్లు పెట్టింది. వాటిమీద కూచుంది. ఈసారి పేర్లు అనుకోలేదు. నాలుగో రోజు దాటింది. మొగుడు చేప తెచ్చాడు. పదో రోజు వచ్చింది. లకుముకి ఆ రోజంతా కళ్ళు మూసుకునే ఉంది. సాయంత్రానికి కడుపు కింద గుడ్డు మెల్లిగా పొర్లింది. అయినా నమ్మలేదు. పదిహేను దాటింది, ఇరవై దాటింది. ఆ మర్నాడు లోపల్నించి ఎవరో టక్కుమని కొట్టారు.

పెంకు పగిలింది. గులాబీరంగు పిల్ల ఒకటి, ఈక లేదు, కళ్ళు తెరవలేదు, తలకాయ నిలబడదు, నోరు మాత్రం ఇంతది తెరుచుకుని బయటపడింది. తండ్రి దాన్ని చూసి అలాగే నిలబడిపోయాడు. నోట్లో చేప ఉన్న సంగతి కూడా మరిచిపోయాడు.

లకుముకి మాత్రం ముందు పెంకు చూసింది. తల లోపలికి పెట్టి వెతికింది. పెంకు లోపల, ఒక మూల, నువ్వుగింజంత తెల్లమరక ఉంది. పిల్ల ఇరవై ఒక్క రోజుల చెత్త అంతా ఆ మూల సర్దిపెట్టుకుంది. ఆ చెత్త నీళ్ళ జోలికి రాలేదు, పిల్ల జోలికి రాలేదు. అంతే, అక్కడే ఉంది. దాన్ని చూసి లకుముకి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమైందే?" అన్నాడు మొగుడు, చేప కింద పెట్టి.

"రెట్ట" అంది లకుముకి. "ఎంత బాగుందో."

పాపం, పదహారు గుడ్లు పోయాయి కదా, దీనికి మతి చలించింది అనుకున్నాడతను. ఏం చెయ్యాలో తోచక ఇంకో చేప తేవడానికి వెళ్ళాడు. ఆ సాయంత్రానికి నాలుగు పిల్లలూ బయటికి వచ్చాయి. నాలుగు పెంకుల్లో నాలుగు మరకలు. ఆ రోజుకి ఎన్ని చేపలు తెచ్చినా సరిపోలేదు. కొరమీను మామ తన పిల్లల్ని పిలుచుకుని లోతుకి వెళ్ళిపోయాడు.

లకుముకి ఈ సంగతి కాకికి చెప్పింది, కొంగకి చెప్పింది, పిచ్చుకకి చెప్పింది. వాళ్ళవీ బోలెడు గుడ్లు పోయాయి. తెల్లగా ఉంటుంది, పరువు పోతుంది అని కూడా దాచకుండా చెప్పింది. ఒక్కరూ వద్దనలేదు.

అప్పటినుంచే పిట్టల గుడ్లకి గట్టి పెంకు, పిట్టలకి తెల్ల రెట్ట. అప్పటినుంచే అవి మనకంటే ముందు లేచి తిండికి పోతాయి. అప్పటినుంచే ఆ మరక ఒట్టి నీళ్ళు పోస్తే పోదు, గోకాలి.

రేపు బడికి వెళ్ళేటప్పుడు మీ నెత్తిన పడుతుంది. పడకపోతే ఎల్లుండి పడుతుంది. తిట్టుకోవద్దని నేననను, నేనూ తిట్టుకుంటాను. కాని దాన్ని మొట్టమొదట చూసిన తల్లి ఎంత బాగుందో అని ఏడ్చిందని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుని, వెళ్ళి తల కడుక్కోండి.