ఒట్టిపోయిన ఫోను

కొత్తగరువులంకలో పాల గవరమ్మ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు గోదావరికి ఈ ఒడ్డునా లేరు, ఆ ఒడ్డునా లేరు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, ఆ ఇంటివాళ్ళే అనుకున్నది. ఎవరి తెలివి సంగతి వాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి! ఆరేళ్ళ కిందట వరదొస్తే, పెరట్లో బావి కొట్టుకుపోతుందని భయపడి పలుపుతాడేసి కొబ్బరిచెట్టుకి కట్టేశారు. వరద తీసేసరికి గడ్డివాము పోయింది, కోళ్ళగూడు పోయింది, బావి మాత్రం ఉన్నచోటే ఉంది. "కట్టాం కాబట్టి ఆగింది," అని వచ్చినవాళ్ళందరికీ ఇప్పటికీ ఆ తాడు చూపిస్తుంటారు.

ఇంట్లో ఉండేది నలుగురు. గవరమ్మ, పెద్దకొడుకు నూకరాజు, అతని పెళ్ళాం పల్లాలమ్మ, చిన్నకొడుకు అబ్బులు. గేదెలు ఆరు. ఫోను ఒక్కటే.

అబ్బులుకి ముప్పైతొమ్మిదేళ్ళు నిండాయి. తొమ్మిది సంబంధాలొచ్చాయి, తొమ్మిదీ పోయాయి. పదోది ఏటికవతల మెరకపాలెం సంబంధం. పిల్ల పేరు వీరవేణి. పెళ్ళిచూపుల నాడు ఆ పిల్ల అబ్బులు పళ్ళెంలో జంతికలు అయిపోవడం చూసి, అడక్కుండానే మళ్ళీ పెట్టింది. అతని బతుకులో అడక్కుండా మారు వడ్డించినవాళ్ళు అంతకుముందు లేరు, కన్నతల్లితో సహా. ఆ రోజునుంచి అబ్బులుకి అన్నం సయించడం లేదు. ఈ పిల్ల కాకపోతే ఇంక పెళ్ళే వద్దని గేదెలతో చెప్పుకుని ఏడ్చాడు కూడా.

పిల్ల తండ్రి సూరప్ప గారు మాటంటే మాటే అనే రకం. "మావాళ్ళతో మాట్లాడుకుని శుక్రవారం పొద్దున్న పదింటికి ఫోన్ చేస్తానండి. ఫోన్‌లోనే ఖాయం చేసేసుకుందాం. మీరు ఎత్తలేదనుకోండి, మీకిష్టం లేదనుకుంటాను. పన్నెండు దాటితే రెండో సంబంధం వాళ్ళకి మాటిచ్చేస్తాను," అని తేల్చేశాడు.

బుధవారం తెల్లారుతూనే గాలివాన కొట్టింది. లంకకొచ్చే కరెంటు స్తంభాలు నాలుగు నేలమీద పడుకున్నాయి. లైన్‌మేన్ వచ్చి చూసి, శుక్రవారం సాయంత్రం దాకా కరెంటు మాట ఎత్తొద్దని చెప్పి పోయాడు. ఫోను అప్పటికి నిండుగా నూరు మీదుంది. నూరున్న ఫోను రెండురోజులు ఆగదా అని మీరనొచ్చు. తెలివితక్కువవాళ్ళ చేతిలో అయితే ఆగేదేమో. ఇది తెలివైనవాళ్ళ చేతిలో పడింది.

ఎందుకైనా మంచిదని అబ్బులు పడవెక్కి అవతలి ఒడ్డున శేషుకుమార్ సెల్ షాపుకి వెళ్ళాడు.

"ఫోనేది?" అన్నాడు శేషు.

"ఇంటికాడే ఉందండి. పాడిగేదెని ఊళ్ళమ్మట తిప్పితే పాలు తగ్గిపోవండీ?"

"సరే. అయితే ఇంటికెళ్ళగానే ఆపేసి ఓ మూల పెట్టు. శుక్రవారం తొమ్మిదిన్నరకి ఆన్ చేసుకో. దానికి మించిన ఉపాయం లేదు."

అబ్బులు జాలిగా నవ్వాడు. "రెండ్రోజులు పితకడం మానేస్తే గేదె ఒట్టిపోద్దండి బాబూ. మూడోనాడు చెంబెట్టుకు కూర్చున్నా చుక్క రాదు. పాడి సంగతి మాకా చెప్తారు?"

శేషు రోజుకి ఇలాంటివాళ్ళని పదిమందిని చూస్తాడు. వాదన పెట్టుకోలేదు. "అయితే నాలుగు ముక్కలు చెప్తాను, గుర్తెట్టుకో. వెలుతురు తగ్గించు. వేడెక్కనివ్వకు. వాడనివన్నీ మూసెయ్యి. తక్కువ మాట్లాడు," అన్నాడు. పాపం మంచివాడు, ఓ చిన్న నల్లటి పెట్టె కూడా అరువిచ్చాడు. దాని మూతికి జానెడు తీగ ఉంది. "ఫోను నీరసపడితే దీని పక్కన పెట్టి తీగ తగిలించు. గబగబా లాక్కుంటుంది."

ఏది దేన్నుంచి లాక్కుంటుందో శేషు చెప్పలేదు, అబ్బులు అడగలేదు. పెద్దదాని పక్కన చిన్నదాన్ని పెడితే ఎవరు ఎవర్ని లాగేస్తారో అతను పుట్టినప్పటినుంచీ పశువుల పాకలో చూస్తూనే ఉన్నాడు. ఇంకేముంది! ఇంటికి రాగానే, "అమ్మా, దూడనిచ్చాడే. దీన్ని ఫోను దరిదాపులకి రానిచ్చామా, మొత్తం తాగేస్తది," అన్నాడు. అంతే, నలుగురూ కలిసి ఆ పెట్టెని పాకలో చివరి గుంజకి కట్టేశారు. తాడు తెంపుకుని రాదు కదా అని ఒకటికి రెండుసార్లు లాగి చూశారు. తీగ ఉన్న వైపు మూతికి చిక్కం కట్టారు. పల్లాలమ్మ మనసు ఊరుకోక దాని ముందు గుప్పెడు పచ్చిగడ్డి కూడా వేసింది.

ఇక మొదటి ముక్క, వెలుతురు తగ్గించడం. ఫోన్ని కొట్టుగదిలో పెట్టి, కిటికీకి గోనెపట్టా కొట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కేశారు. వెలుతురనేది చీమ తలకాయంత కూడా లేదు. కానీ ఒట్టిపోకుండా గంటకోసారి పితకాలి కదా! గంట కాగానే నూకరాజు చీకట్లోకి వెళ్ళి తవుడు బస్తా తడిమాడు, రోకలి తడిమాడు, పిల్లిని తడిమి రక్కించుకున్నాడు. ఫోను దొరకలేదు.

"దీపం పట్టుకెళ్ళొచ్చు కదరా," అంది గవరమ్మ.

"దీపం పట్టుకెళ్తే వెలుతురొచ్చేస్తదే అమ్మా! ఫోనుకే లైటుంది. అది వెలిగించి ఉంచామనుకో, చీకట్లో ఎక్కడుందో అదే చెప్తది."

ఆ తెలివికి తల్లి కళ్ళు చెమర్చాయి. ఎలాగో ఫోన్ని తడిమి పట్టుకుని లైటు నొక్కి వచ్చారు. ఫోను దాని లైటు అదే వెలిగించుకుని మధ్యాహ్నం దాకా కొట్టుగదిలో కూర్చుంది. గంటగంటకీ నలుగురూ వంతులేసుకుని వెళ్ళి, ఒక్కొక్కళ్ళు పావుగంట చొప్పున దాని మొహం మీద వేళ్ళతో పితికి వచ్చారు. మూడింటికి చూస్తే నూరు కాస్తా అరవై అయింది, పైగా ఫోను పెనంలా కాలుతోంది.

"వేడెక్కిందిరోయ్!" అని నూకరాజు కేక పెట్టాడు. అంతే, రెండో ముక్క గుర్తొచ్చింది. కుండలో మెత్తని పాతచీర పరిచి, అందులో ఫోను పెట్టి, ఉట్టితో సహా బావిలోకి దింపి, నీళ్ళకి జానెడు పైన ఆపారు. చల్లదనం అంటే అదీ! కానీ అంత లోతున మోగితే పైకి వినపడుతుందా అని అబ్బులుకి అనుమానం పట్టుకుంది. చూసుకోవాలి కదా మరి. పల్లాలమ్మ పొరుగింటికి పోయి వాళ్ళ ఫోను అడిగింది. నూకరాజు తాడు పట్టుకుని బావిలోకి దిగాడు.

ఫోను మోగింది. నూకరాజు ఎత్తాడు. "అలో, ఎవరండీ?"

"నేనయ్యా, పల్లాలమ్మని. వినపడిందా?"

"బ్రెమ్మాండంగా వినపడింది. ఎలాగున్నావు?"

"బాగానే ఉన్నాను. అక్కడెలాగుంది?"

"చల్లగా ఉంది పల్లాలమ్మా. నువ్వూ ఉంటే బావుణ్ణు."

పెళ్ళయి పన్నెండేళ్ళయినా పాలు, పేడ, తవుడు తప్ప ఆ మొగుడూపెళ్ళాలు వేరే మాట మాట్లాడుకున్న పాపాన పోలేదు. మొదలెట్టాక ఆపబుద్ధి కాలేదు. చిన్నప్పటి సంగతులన్నీ ముచ్చటించుకున్నారు. శేషు చెప్పిన మాట మాత్రం మర్చిపోలేదండోయ్. తక్కువ మాట్లాడమన్నాడని గొంతులు బాగా తగ్గించి, గుసగుసగా గంటన్నర మాట్లాడుకున్నారు. పొరుగింటివాళ్ళు వచ్చి ఫోను లాక్కుంటే గానీ ఆ మాటలు ఆగలేదు. అప్పటికి ముప్పైఆరు మిగిలింది.

గురువారం పొద్దున్న గవరమ్మ నడుం బిగించింది. "వాడనివన్నీ మూసెయ్యమన్నాడు. నిన్న మీరెవరూ ఆ సంగతే పట్టించుకోలేదు. ఛార్జింగ్ తగ్గదా మరి!" అని కొడుకుల్ని, కోడల్ని కేకలేసింది. తెరిచి ఉన్న గొడుగు మూసింది. కావడిపెట్టె మూసింది. పప్పుల డబ్బాలు, పచ్చడి జాడీ, తవుడు గోనె అన్నీ మూసింది. గుమ్మంలో ఆవలిస్తున్న కుక్క నోరు మూయబోతే అది కరిచినంత పని చేసింది. చివరికి పెరట్లోకెళ్ళి చూసింది. బావి నోరు తెరుచుకుని ఉంది, ఎవరూ నీళ్ళు తోడటం లేదు. ఇంకేముంది! అబ్బుల్ని పిలిచి, రేకు కప్పించి, కదలకుండా దానిమీద రుబ్బురోలు ఎత్తించింది.

లోపల నూకరాజున్నాడు. పొద్దుటి వంతు పితకడానికి దిగినవాడు.

అరిచాడు. రేకు కింద అరుపు ఎవరికి వినపడుతుంది? చేతిలో ఫోనుంది కదా, ఇంటికి ఫోన్ చేద్దామనుకున్నాడు. తెలివైనవాడు కాబట్టి ఇంటి నంబరు కంఠస్థం. ఇంటి నంబరంటే ఇంకేది, ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనేగా. తన చేతిలో ఉన్న ఫోన్‌తో తన చేతిలో ఉన్న ఫోన్‌కే చేశాడు. బిజీ అని వచ్చింది.

"ఎవరితో మాట్లాడుతున్నారో వీళ్ళు," అని పది నిమిషాలాగి మళ్ళీ చేశాడు. బిజీ. మళ్ళీ చేశాడు. బిజీ. మధ్యాహ్నం భోజనాల వేళకి చేశాడు, బిజీయే. నూకరాజుకి ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం గేదెలకి నీళ్ళు పెట్టాలని రుబ్బురోలు దొర్లించి రేకు తీసేసరికి, లోపలినుంచి ఎర్రగా మొహం పెట్టుకుని పైకొచ్చాడు.

"పొద్దుటినుంచీ ఎవరితోనే ఆ మాటలు? ఒక్క క్షణం తెరిపి లేదు! ఛార్జింగ్ ఏమైపోవాలి?"

"నా మీద ఒట్టు, మేం అసలు ఫోనే ముట్టుకోలేదు," అంది పల్లాలమ్మ.

"మరి బిజీ ఎందుకొచ్చింది? పొద్దుటినుంచీ ఫోను నా చేతిలోనే ఉంటే, మాట్లాడింది ఎవరంట!"

ఆ చిక్కుముడి ఆ ఇంట్లో ఇవాళ్టికీ విడలేదు. ఇంతకీ చూసుకుంటే నూరులో రెండు మిగిలాయి.

శుక్రవారం తెల్లారేసరికి ఒకటి. అబ్బులు మొహంలో నెత్తురు చుక్క లేదు. తలంటుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, ఫోన్ని పీటమీద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. పాకలో ఉన్న పెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాలేదనుకోకండి. బాగా గుర్తొచ్చింది. "ఉన్న ఒక్క చుక్కకీ ఆ దూడ ఎగబడకుండా చూడు," అని నూకరాజుని కర్రిచ్చి పాక దగ్గర కాపలా నిలబెట్టారు.

సరిగ్గా పదింటికి ఫోను మోగింది.

అబ్బులు చెయ్యి చాచాడు. గవరమ్మ ఆ చేతిమీద ఒక్కటేసింది. "ఎత్తకురా! ఉన్నదొక్కటే. ఎత్తి మాట్లాడావంటే అదీ అయిపోద్ది. ఆ తర్వాత ఆయన ఫోన్ చేస్తే ఏం పెట్టి మాట్లాడతావు?"

"అదీ నిజమే," అన్నాడు అబ్బులు.

మోగి ఆగింది. మళ్ళీ మోగింది. పీట చుట్టూ ఉన్న ముగ్గురూ చూశారు గానీ ఒక్కరూ ముట్టుకోలేదు. మూడోసారి మోగుతూ మోగుతూ సగంలో మొహం నల్లగా పెట్టేసింది.

"ఒట్టిపోయింది," అంది గవరమ్మ.

నవ్వొచ్చే కథే. కానీ ఆ తర్వాత అబ్బుల్ని చూసుంటే మీకు నవ్వు రాదు. చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే ఫోన్ని తువ్వాల్లో చుట్టుకుని రేవుకి పరిగెత్తాడు. పడవ మధ్యలో ఉండగా తనూ తెడ్డేస్తానని సరంగుని బతిమాలాడు. పన్నెండు దాటితే వీరవేణి ఇంకొకళ్ళ పెళ్ళామైపోతుంది, వాడి బాధ అది.

పదకొండింటికి మెరకపాలెం చేరేసరికి సూరప్ప అరుగుమీద గోడగడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మూడుసార్లు చేశానయ్యా," అన్నాడు కటువుగా.

"మూడుసార్లూ విన్నామండి. చాలా బాగా మోగిందండి."

"మరి ఎత్తరేం?"

"ఒక్కటే మిగిలిందండి. ఎత్తితే అయిపోద్దని, మీ ఫోన్ కోసమనే దాచామండి."

సూరప్ప గడియారం మీంచి చూపు ఇటు తిప్పాడు. "నా ఫోన్ కోసం, నేను చేసినా ఎత్తకుండా దాచారా?"

"ఆయ్."

సూరప్ప అరుగు దిగొచ్చి అబ్బులు రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఓరి నా తండ్రీ! ఇంత జాగ్రత్తపరుడు దొరకాలంటే ఎన్ని జన్మల పుణ్యం చేసుకోవాలి! నాకు సమ్మతమేనయ్యా. మా అమ్మాయి నీకే."

అబ్బులు గాల్లో తేలాడు. తేలినవాడు తేలినట్టే టక్కున ఆగిపోయాడు. "మరి ఫోన్‌లో చెప్తానన్నారు కదండీ. మొహమ్మీద చెప్పేస్తే మా అమ్మ ఖాయం కింద ఒప్పుకోదండి."

"నిజమే సుమీ!" అని సూరప్ప లెంపలేసుకున్నాడు. "నేనన్నదీ ఫోన్‌లోననే. మాట తప్పితే ఇంకేముంది? పన్నెండు లోపల చెయ్యాలి. నీ ఫోన్ ఇలా ఇయ్యి, మా ఇంట్లో కరెంటుంది. ఛార్జింగ్ పెడతాను. నువ్వు పరిగెత్తి మీ ఇంటికెళ్ళి కూర్చో. పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా చేస్తాను."

"ఫోను మరి?"

"మేస్తున్నదాన్ని మధ్యలో తోలుకెళ్తావా ఏంటి?"

పాడి తెలిసిన మనిషి ఎంత చక్కగా చెప్పాడు! అబ్బులు దణ్ణం పెట్టి ఒట్టి చేతుల్తో రేవుకి పరిగెత్తాడు. పన్నెండుకి పది నిమిషాలకల్లా ఇంటికొచ్చి పడ్డాడు. సంగతి విని గవరమ్మ హారతివ్వబోయింది. నలుగురూ కాళ్ళు కడుక్కుని వచ్చి, ఖాళీ పీట చుట్టూ చెవులు రిక్కించి కూర్చున్నారు. ఈసారి మొదటి మోతకే ఎత్తెయ్యాలని గట్టిగా అనుకున్నారు.

అన్న వేళకి సూరప్ప అరుగుమీద నిలబడి నంబరు నొక్కాడు. లోపల గదిలో ఫోను మోగింది.

"లోపల ఏదో మోగుతోంది, చూడమ్మా!" అని ఒక చెవి మూసుకుని కేకేశాడు. "నేనిక్కడ ముఖ్యమైన పనిలో ఉన్నాను!"

వీరవేణి వెళ్ళి ఎత్తింది. "అలో."

"అబ్బులు గారిల్లేనా అండి?"

వీరవేణి ఆలోచించింది. ఫోను ఆయనదే. ఎత్తాక కాదంటే బావుండదు. "ఆయ్, అవునండి," అంది.

"మా అమ్మాయిని ఇవ్వడం మాకు సమ్మతమేనండి. మరి మీకో?"

వీరవేణికి సిగ్గు ముంచుకొచ్చింది. పైటకొంగు నోటికడ్డం పెట్టుకుని, "మాకెప్పుడో సమ్మతమేనండి," అంది.

సూరప్ప ఫోను జేబులో వేసుకుని, నవ్వుతూ లోపలికొచ్చాడు. "ఖాయమైపోయిందే అమ్మాయ్! ఆ ఇంటి ఆడవాళ్ళ మాటతీరు విన్నావంటే... ఎంత నెమ్మది, ఎంత మర్యాద! నువ్వూ ఉన్నావు ఎందుకు! ఆ ఇంటికెళ్ళాకైనా, వాళ్ళని చూసి మాట్లాడటం నేర్చుకో."