పదకొండు మార్కుల వ్యాసం

చంద్రకళ, ముప్పై ఆరేళ్లు. టీ చల్లారాకే తాగే అలవాటు. ఆదోని దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచరు. ఇంటిపని మిగిల్చిన కాస్త టైములో కథలు రాస్తుంది. పత్రికలకు పంపుతుంది. అవి తిరిగొస్తాయి. కాలక్షేపం మంచిదేలే అంటాడు భర్త, పెద్దమనసుతో.

ఆ ఏడాది హైస్కూలు ఆడపిల్లల వ్యాసరచన పోటీ పేపర్లు ఆమెను దిద్దమన్నారు. విషయం నీటి పొదుపు. మొదటి బహుమతి వచ్చినవాళ్ల ఇంటర్ చదువు ఖర్చంతా ఒక ట్రస్టు భరిస్తుంది. పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. ఆమె దిద్దాక ఆఖరిమాట సుగుణమ్మ టీచర్‌ది. చంద్రకళకు పదో తరగతిలో తెలుగు చెప్పిందీ, కథలు రాయమని మొదట అన్నదీ ఆవిడే. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటున్నారు.

పేపర్లు తీసుకుని వెళ్లేసరికి సుగుణమ్మ పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. చెయ్యి తుడుచుకుని ఒక్కో పేపరూ చూశారు. ఒకచోట ఆగారు. పాతికకు పదకొండు. కింద ఎర్రసిరాతో, ‘విషయం వదిలేసి సొంత గొడవ రాసింది.’

నిజానికి ఆ మాట చంద్రకళది కాదు. ఒకప్పుడు ఆమె కథను తిప్పి పంపుతూ ఒక సంపాదకుడు రాసిన మాట అది.

ఇంత తక్కువెందుకు వేశావని సుగుణమ్మ అడిగారు. చంద్రకళ చాలాసేపు చెప్పింది. ఉపోద్ఘాతం లేదు, ముగింపు లేదు, పేరాలు లేవు. మొదటి బహుమతికి తను ఎంచిన వ్యాసంలో అవన్నీ ఉన్నాయి, చుట్టూ నీలిరంగు మార్జిన్ కూడా ఉంది.

సుగుణమ్మ రెండు పేపర్లూ తీసి తన తొడ కింద పెట్టుకున్నారు.

“ఆ మార్జిన్ వ్యాసంలో ఒక్క వాక్యం చెప్పు.”

“నీరు ప్రాణాధారం అని...” చంద్రకళ ఆగింది. “అన్నీ అలాగే మొదలవుతాయి టీచర్. ఇన్ని పేపర్లలో ఎట్లా గుర్తుంటుంది?”

“పోనీ, ఆ పదకొండు వేసింది?”

“అదా? ఎంత ఘోరంగా రాసిందో వినండి.” చంద్రకళ బడిపిల్లలా గొంతు సాగదీసి వెక్కిరింపుగా మొదలుపెట్టింది. “మా ఇంట్లో నీళ్లు పొదుపు చేసేది మా అమ్మ ఒక్కతే. ట్యాంకరు వచ్చినరోజు ముందు నాన్న స్నానం చేస్తాడు, తర్వాత అన్న, తర్వాత నేను. అమ్మ తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటుంది. బయట చేరినప్పుడు కూడా అంతే.”

సాగదీత ఎక్కడో పోయింది. ఆమె ఆగలేదు.

“మా వీధి గోడ మీద నీళ్లు పొదుపు చేయండని బొమ్మ వేశారు. అందులో కొళాయి కట్టేస్తున్నది కూడా ఆడమనిషే. నేను ఆ బొమ్మకు మీసాలు గీశాను. నాన్న కొట్టాడు. మర్నాడు మళ్లీ గీశాను.”

చంద్రకళ గోడవైపు చూస్తూ కూర్చుంది. పన్నెండేళ్లుగా రాస్తోంది. అట్లాంటి వాక్యం ఒక్కటి తన కలం నుంచి రాలేదు. ఎవరో పద్నాలుగేళ్ల పిల్ల, పరీక్ష గదిలో, గంటలో రాసి పారేసింది.

“గిట్టనిది కంఠతా వచ్చింది,” అన్నారు సుగుణమ్మ. “మెచ్చింది ఒక్క ముక్క గుర్తులేదు.”

తొడ కింది నుంచి పదకొండు వేసిన పేపరు తీసి ఆమె ముందు పెట్టారు. తర్వాత మళ్లీ చిక్కుడుకాయలు అందుకున్నారు.

చంద్రకళ పదకొండు కొట్టేసింది. ఇరవై నాలుగు వేసింది. ఇరవై అయిదు వెయ్యడానికి చెయ్యి రాలేదు.

మొదటి బహుమతి ఆ అమ్మాయికే వచ్చింది. అభినందన సభలో మాట్లాడమని చంద్రకళను పిలిచారు. ఆమె వెళ్లలేదు.