పైడయ్య గొలుసు, చందమామ దూరం

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదులే బుజ్జీ, మా అమ్మ చిన్నప్పుడు. నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో పైడయ్య అని ఒకాయన ఉండేవాడు. పొలాలు కొలిచే సర్వేవాళ్ళ దగ్గర గొలుసు లాగడం ఆయన పని.

అప్పుడు పొడుగు టేపులు లేవు. నూరు లంకెల ఇనప గొలుసు ఉండేది. మీరు క్రికెట్ ఆడతారే, ఈ వికెట్ల నుంచి ఆ వికెట్ల దాకా, సరిగ్గా అంత పొడవు. ముళ్ళలో, బురదలో అది లాగి లాగి పైడయ్య అరచేతులు చెప్పుల అట్టల్లా అయిపోయాయి.

ఆయనకి ఒక కూతురు, తవుడమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఇదైనా బతకాలని, తవుడిచ్చి కొనుక్కున్నట్టుగా ఆ పేరు పెట్టుకున్నారు. దాని తర్వాత ఇద్దరు చంటివాళ్ళు. తవుడమ్మకి లెక్కలంటే ప్రాణం.

అలా ఉండగా తల్లి కీళ్ళవాతంతో మంచం పట్టింది. అప్పుడు పైడయ్య, "ఇంక సదువు సాలమ్మా, ఇల్లు సూసుకో" అన్నాడు. తవుడమ్మ పలక తీసి అటక మీద పెట్టేసింది.

మొదట బడి మేష్టారు జోగారావు గారు వచ్చారు. "ఇలాంటి బుర్ర మళ్ళీ దొరకదు, మానిపించకు పైడయ్యా" అన్నారు. పైడయ్య తల దించుకుని, "గంజి కాసేవోళ్ళు లేరు బాబూ" అన్నాడు.

ఆ తర్వాత పక్కింటి గవరమ్మ వచ్చింది. పైడయ్య ఆవిడని అప్పా అని, అంటే అక్కా అని పిలిచేవాడు. "నా పొయ్యి మీదే మీకూ ఇంత వండేస్తాను, పిల్లల్ని నేను సూస్తాను" అంది. "ఒకరి మీద బరువెయ్యలేనప్పా" అన్నాడు పైడయ్య.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున్నే తవుడమ్మ చద్దన్నం మూట పట్టుకుని పొలానికి వెళ్ళింది. పడమటి వైపు ఆకాశంలో చందమామ ఇంకా ఉన్నాడు, వెలిసిపోయిన గుడ్డముక్కలా. పైడయ్య అన్నం తింటూ అటు చూసి, "అదెంత దూరమో!" అన్నాడు.

"రెండు లక్షల ముప్పైతొమ్మిది వేల మైళ్ళయ్యా. పుస్తకంలో ఉంది."

"అంతంత మైళ్ళు నాకేటి తెలుస్తాయే? గొలుసులైతే తెలుస్తాయి. మైలుకి ఎనభై గొలుసులు."

అప్పుడు తవుడమ్మ ఒక పుల్ల తీసుకుని దున్నిన మట్టి మీద కూర్చుంది. గుణించింది. తప్పొస్తే చెరిపింది, మళ్ళీ గుణించింది. "ఒక కోటీ తొంభై ఒక్క లక్షల ఇరవై వేల గొలుసులయ్యా!" అంది.

పైడయ్య నవ్వాడు. "అమ్మో! నేను రోజుకి నాలుగొందలు లాగితే గొప్ప."

"ఏడాదికి ఎన్నాళ్ళెల్తావయ్యా?"

"వానలు పోనూ, ఎనిమిది నెలలు."

"ఎన్నేళ్ళై?"

"ఇరవై."

పిల్ల మళ్ళీ పుల్ల పట్టింది. ఆ తర్వాత లేచి నిలబడి, మెల్లిగా చెప్పింది. "అయ్యా, నువ్వు పంతొమ్మిది లక్షల ఇరవై వేల గొలుసులు లాగేవు. సందమామ దారిలో పదో వంతు నువ్వు నడిసేసేవు."

పైడయ్య చద్దన్నం మూట పక్కన పెట్టాడు. ఆ అంకెలకేసి చూశాడు. తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఎవరి పొలం ఎంతో చెప్పినవాళ్ళే గానీ, ఆయన ఎంత నడిచాడో చెప్పినవాళ్ళు లేరు బుజ్జీ.

ఆ సాయంత్రమే పైడయ్య గవరమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. "అప్పా, ఆ వేళ వద్దన్నాను. ఇయ్యాళ అడుగుతున్నాను" అన్నాడు. గవరమ్మ పెద్ద గిన్నె దించుతూ, "అడగడానికి ఇన్నాళ్ళా! పిల్లల్ని తీసుకురా, అన్నం సల్లారిపోతంది" అంది.

మర్నాడు ఆయన పని మానుకుని తానే కూతుర్ని బడికి తీసుకెళ్ళాడు. మేష్టారికి రెండు చేతులూ జోడించి, "బాబూ, నా కష్టం ఎంతో నా బిడ్డ నాకు సెప్పింది. దానికి ఆ లెక్క నేర్పింది మీరు" అన్నాడు. మేష్టారు ఆ మొరటు చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నారు.

ఆ తర్వాత తవుడమ్మ బాగా చదువుకుంది. తల్లి కూడా కర్ర పట్టుకుని లేచి తిరిగింది. కొన్నేళ్ళకి తవుడమ్మ ఆ ఊరి బడికే లెక్కల టీచరై వచ్చింది.

వచ్చిన రోజే గవరమ్మని చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది. ముందు వరసలో తన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ముసలి వేళ్ళ మధ్య సుద్దముక్క పెట్టి, పైన తన చెయ్యి వేసి, పలక మీద ఆవిడ పేరు రాయించింది.

గవరమ్మ పలకని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. "ఏటే గుంటా, ఇన్నేళ్ళు మోసిన పేరు ఇంత పొట్టిదా?" అంది. అని, అది చెరిగిపోకుండా పలక ఎత్తి పట్టుకుని, వీధి వీధంతా చూపిస్తూ ఇంటికి నడిచింది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మన గుమ్మం తట్టింది.