పిడికిలి విప్పని తల్లి

శ్రీ పిడికిలమ్మ తల్లి కొలువై ఉన్న మూలకొఠారు గ్రామం సముద్రపు పాయ ఒడ్డున, ఉప్పు మడుల నడుమ ఉన్నది. బస్సు దిగిన భక్తులకు మొదట ఉప్పు కుప్పలు కనబడతాయి, ఆ తరువాతే గోపురం కనబడుతుంది. గర్భాలయంలో అమ్మవారిది మూరెడు ఎత్తు నల్లరాతి విగ్రహం. ఎడమచేయి మోకాలిపై వాలి ఉంటుంది. కుడిచేయి పిడికిలి బిగించి గుండెకు ఆనించి ఉంటుంది. ఆ పిడికిట్లో వరాలున్నాయని కొందరు, శత్రువుల ప్రాణాలున్నాయని మరికొందరు చెప్పుకుంటారు. అమ్మకు అంత కోపం లేదు. అందులో ఉన్నది ఉప్పు.

ఇక్కడి ప్రసాదం ఉప్పు వేయని పప్పూ అన్నమూ. కొత్తగా వచ్చినవారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, వంటమనిషి మరిచిపోయిందేమోనని అటూ ఇటూ చూస్తారు. ఎవరూ మరిచిపోలేదు. ఈ పుస్తకం రాస్తున్న నేను ఆ వంటమనిషినే, అమ్మవారిని కనుగొన్న ఇంటికి కోడలిని కూడాను. మా అత్తగారు చెప్పిన కథను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ గవరయ్య అనే ఉప్పుపనివాడు ఉండేవాడు. భార్య సూరమ్మ, కొడుకు, కోడలు కన్నమ్మ, ముగ్గురు మనవలు అతని కుటుంబం. పొద్దస్తమానం ఉప్పునీటిలో నిలబడి, పెదవుల మీద తెల్లని పొరతో ఇల్లు చేరే మనిషికి ఏ కూరలోనూ ఉప్పు చాలేది కాదు. విస్తట్లో అన్నం కంటే ముందు ఉప్పు పడాలి. అది చాలక మొలలో దోపుకున్న ఉప్పు గల్లు తీసి ముద్దముద్దకూ కొరికేవాడు. “అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు” అన్నదట ఉప్పు. గవరయ్య దానినే వేసి చూశాడు, మిగతావాటి రుచి అతడికి పట్టలేదు.

యాభై దాటాక అతని పాదాలు వాచాయి. గట్టు మీద పది అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. పొరుగూరి వైద్యుడు కాలిని బొటనవేలితో నొక్కి చూశాడు. పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. “ఈ నీరు గుండె దాకా వచ్చిందంటే నా చేతిలో ఏమీ ఉండదు. మందు నేనిస్తాను, ఉప్పు మాత్రం మీరే మాన్పించాలి” అని సూరమ్మతో చెప్పాడు.

సూరమ్మ ఆనాడే చిన్న కుండ ఒకటి తెచ్చి భర్తకు వేరుగా చప్పిడి వంట మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదీ చేపల పులుసుతో వరుసగా కూర్చుని తింటుంటే, గవరయ్య తన కుండతో అరుగు మీద ఒంటరిగా కూర్చునేవాడు. ఎన్నో ఊళ్లకు ఉప్పు పంపిన చేయి తన ముద్దలో గల్లు వేసుకోకూడదాయె. రెండు ముద్దలు తిని చేయి కడిగేసుకునేవాడు.

ఆ కడిగిన చేయి సూరమ్మ చూడలేకపోయేది. మూడోనాడు కన్నమ్మ అటు తిరగగానే ఆ కుండలో చిటికెడు ఉప్పు వేసింది. కన్నమ్మా మంచిదే. అత్త నీళ్లకు వెళ్లినప్పుడు “పాపం మావ” అనుకుంటూ తానొక చిటికెడు వేసేది. ఇక గవరయ్య మొలలోని గల్లు మొలలోనే ఉంది, చాటుగా దాన్నీ కుండలో కలుపుకునేవాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చప్పిడి కుండ కాస్తా ఊరగాయ కుండ అయింది. ప్రేమతో వేసిన చిటికెకు మాత్రం ఉప్పుదనం తగ్గుతుందా?

నెల తిరిగేసరికి వాపు మోకాళ్లు దాటింది. గవరయ్య మడి గట్టు మీద కూలిపోతే నలుగురూ మోసుకొచ్చారు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే ఉండేవాడు. మడి పని ఆగితే ఇల్లు గడవదు, కొడుకు ఒక్కడి వల్ల కాదు కనుక, అడుగు బంకమట్టిని కాళ్లతో తొక్కి గట్టిపరిచే పనికి సూరమ్మే దిగింది. తొక్కుతూ ఏడ్చింది. మిట్టమధ్యాహ్నం తాటాకు పాకలో నడుము వాల్చగానే కన్ను అంటుకుంది.

కలలో ఒక ముసలమ్మ ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. చిన్న కుండలో చేయి ముంచి, పిడికిలి నిండా ఉప్పు పైకి తీసింది.

“ఒలమ్మీ, ఇదేటి? చప్పిడి కుండలో ఇంతుప్పేటి?”

“నాను చిటికెడే ఏసినాను తల్లీ. ఆడు తినలేకపోతే సూడలేక ఏసినాను.”

“నువ్వేసినావు. నీ కోడలేసింది. ఆడూ ఏసుకున్నాడు. ముగ్గురూ కలిసి ఆడి పేనం మీదికి తెచ్చినారు.”

సూరమ్మ ఆమె కాళ్ల మీద పడి, “మరి నన్నేటి సెయ్యమంతావు? ఆడికి ముద్ద దిగదు తల్లీ” అని ఏడ్చింది.

“ముద్ద దిగనిది ఉప్పు లేకనా? పక్కన మనిషి లేక. ఆడికో కుండ, మీకో కుండ ఎందుకే? ఒక్క కుండ పెట్టు. ఈ ఉప్పు నా కాడుంటాది, నాను ఇవ్వను” అని ముసలమ్మ పిడికిలి గుండెకు ఆనించుకుంది.

సూరమ్మ ఉలిక్కిపడి లేచి మడిలోకి వచ్చింది. నాలుగడుగులు తొక్కేసరికి మడమకు రాయి తగిలింది. మట్టి తీసి చూస్తే బిగించిన పిడికిలి కనిపించింది. అమ్మవారిని అక్కడే గట్టు మీద నిలిపి, పసుపు రాసి, ఇంటికి పరుగెత్తింది.

ముందు తన తప్పు చెప్పుకుంది. కన్నమ్మ కూడా తన తప్పు చెప్పింది. గవరయ్య మొలలోంచి గల్లు తీసి భార్య చేతిలో పెట్టాడు. సూరమ్మ చిన్న కుండను బోర్లించి, పెద్దకుండలో అందరికీ పప్పు వండింది. చింతపండు పులుపూ మిరియమూ తగిలించింది, ఉప్పు మాత్రం వేయలేదు. గవరయ్యను వరుస మధ్యలో గోడకు ఆనించి కూర్చోబెట్టారు. చిన్న మనవరాలు ముద్ద నోట పెట్టుకుని మొహం చిట్లించింది. “తాతా, ఇదేటి, ఇసకలాగుంది!”

“నీకూ ఇసకలాగే ఉందేటే?” అని గవరయ్య నవ్వాడు. ఎన్నో వారాల తరువాత ఆ ఇంట వినిపించిన నవ్వు అది. ఆ పూట అతడు విస్తరి ఖాళీ చేశాడు.

వైద్యుని మందు వాడారు, ఒక్క కుండలో తిన్నారు. వాపు మెల్లగా తీసింది. గవరయ్య మళ్లీ మడి గట్టు మీద నడిచాడు, మనవరాలి పెళ్లి చూశాడు. అటుపైన ఊరివారంతా గుడి కట్టి అమ్మను పిడికిలమ్మ అని పిలుచుకున్నారు.

నేటికీ మంగళవారాల్లో ఇళ్లవారు తమ ఉప్పు జాడీ తెచ్చి, పిడికెడు ఉప్పు అమ్మ పాదాల చెంత వదిలి వెళతారు. వేయని ఉప్పును అమ్మ దాస్తుందని నమ్మకం. డాక్టరు ఇచ్చిన మందు మానమని మాత్రం అమ్మ ఎవరికీ చెప్పలేదు. అలా ఎవరైనా చెబితే నా దగ్గరకు పంపండి.

ప్రసాదానికి ఇక్కడ ఒక్కరికి విస్తరి వేయం. ఇంటివారంతా వరుసగా కూర్చోవాలి. ఒంటరిగా వచ్చినవారి పక్కన మా ఇంటివాళ్లమే కూర్చుంటాం. వడ్డించే ముందు నేను గరిటె పట్టుకుని “ఎవరికమ్మా చప్పిడి?” అని అడుగుతాను. వరుసంతా “మాకందరికీ” అనాలి. అలా అన్నాక ఆ వరుసలో జబ్బు ఎవరిదో చూసేవారికి తెలియదు. తల్లి చల్లని చూపు ప్రతి వరుస మీదా ఉండుగాక.