మూలుగు ఆగిన ఆంప్లిఫయరు

ఎవరైనా ప్రశ్న అడిగితే జ్ఞానరత్నం మాస్టారు జవాబు చెప్పరు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. గుంటూరులో ఆయన దగ్గర గిటారు నేర్చుకున్నవాళ్లలో సగం మందికి పాట కంటే ముందు సోల్డరింగ్ వచ్చింది. కొందరు విసుక్కుని మానేశారు. విల్సన్ మానలేదు. సొంత బ్యాండు పెట్టుకుని రిసెప్షన్లకీ ప్రార్థన సభలకీ వాయిస్తున్నా, ఎటూ తేల్చుకోలేని మాట వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆయన ఇంటికే వస్తాడు.

ఆ రోజు వచ్చిన మాట తిమోతి గురించి. తిమోతి ఆ బ్యాండులో బేస్ గిటారు వాయిస్తాడు, విల్సన్‌కి చిన్ననాటి స్నేహితుడు. అతని వాయింపుకి వంక పెట్టడానికి లేదు, వచ్చిన చిక్కల్లా నోటితోనే. అవతల జనం ఇంకా చప్పట్లు కొడుతుండగానే, ఇవతల వైర్లు చుట్టుకుంటూ "రెండో చరణంలో పరిగెత్తావు", "మీ చెల్లి కరుణ గొంతుకి ఆ శ్రుతి ఎక్కువ" అని గొణగడం మొదలుపెడతాడు. మెచ్చుకోలు విన్న సంతోషం విల్సన్‌కి ఇంటిదాకా మిగలదు. ఇక రావద్దని ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాడు. చెబితే స్నేహం కూడా అక్కడితో సరి అని అతనికి తెలుసు. ఆ దిగులుతోనే మాస్టారి గుమ్మం ఎక్కాడు.

"మాస్టారూ, ఎప్పుడూ సణిగేవాణ్ణి పక్కన పెట్టేస్తే తప్పంటారా? నాకూ ప్రశాంతంగా వాయించుకోవాలని ఉంటుంది గదండీ."

మాస్టారు ముందుగదిలో మూలనున్న ఆంప్లిఫయరు చూపించారు. గాజు వాల్వులతో నడిచే పాతకాలపు పెట్టె అది. "చర్చివాళ్లది. హమ్ అని ఒకటే మూలుగుతోందట, సంగతేంటో చూడు. కరుణ ప్రాక్టీసుకి వస్తానంది, ఈలోగా బాగుచెయ్" అని పేపరు విప్పుకున్నారు.

విల్సన్ స్విచ్చి వేశాడు. వాల్వులు వేడెక్కగానే స్పీకరులోంచి ఎడతెగని మూలుగు మొదలైంది. వాల్యూం సున్నాకి తిప్పాడు, తగ్గలేదు. గిటారు వైరు పీకాడు, తగ్గలేదు. మొదటి వాల్వు ఊడదీసి చూశాడు, అయినా అదే పోరు. ఓపికున్నవాడైతే అక్కడ పెట్టె విప్పి ఒక్కొక్కటే పరీక్షించి ఉండేవాడు. విల్సన్ మనసు తిమోతి దగ్గరుంది. పైగా ఇలాంటప్పుడు స్టేజీల మీద తిరిగేవాళ్లకి ఒక చిట్కా ఉంది, అతనూ చాలాసార్లు వాడిందే. ప్లగ్గు విప్పి, మూడు వైర్లలో ఎర్త్‌కి వెళ్లే ఆకుపచ్చ వైరు ఊడదీశాడు. దాని చివర టేపు చుట్టి, మళ్లీ బిగించి, వాల్వూ గిటారు వైరూ యథాస్థానంలో పెట్టి స్విచ్చి వేశాడు. మూలుగు లేదు. ఈపాటి దానికా ఇంతసేపు అనుకుని నవ్వుకున్నాడు.

"అయిపోయింది మాస్టారూ. చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది చూడండి."

అంతలో కరుణ వచ్చింది. బ్యాండులో పాడేది ఆమే. చెప్పులు గుమ్మంలో విడిచి, వాననీళ్లు కారుతున్న పాదాలతోనే లోపలికొచ్చి, "బాగయిందా అన్నయ్యా?" అంటూ గిటారు అందుకోబోయింది. గిటారు వాయిస్తూ, మైకుకి పెదవులు ఆనించి పాడడం ఆమెకి అలవాటు.

"ఆగమ్మా! ముట్టుకోకు" అన్నారు మాస్టారు. ఆయన గొంతు పెంచడం విల్సన్ అదివరకెప్పుడూ వినలేదు. పేపరు పక్కన పడేసి, సొరుగులోంచి టెస్టరు తీసి, దాని మొన గిటారు తీగకి ఆనించారు. టెస్టరులోని చిన్న బల్బు ఎర్రగా వెలిగింది.

విల్సన్ గబగబా స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకేశాడు. పెట్టె లోపల ఎక్కడో కరెంటు కారుతోంది. ఇన్నాళ్లూ ఆ ఆకుపచ్చ వైరే దాన్ని నేలలోకి దింపేస్తూ వచ్చింది. వినబడిన మూలుగు అలా దిగిపోతున్న కరెంటుదే. తను వైరు తీసేశాక మూలగడం మానింది గానీ, కారడం మానలేదు; నేలలోకి దారి లేక గిటారు తీగల్లోకి చేరింది. చెల్లెలి వేళ్లు తీగల మీద, పెదవులు మైకు మీద... ఆపైన ఊహించడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. కరుణ చూస్తోందని మొహం తిప్పుకున్నాడు.

మాస్టారు కరుణకి కుర్చీ చూపించి, టెస్టరు సొరుగులో పెట్టి, మళ్లీ పేపరు చేతిలోకి తీసుకున్నారు.

"సణుగుడు లేకుండా ప్రశాంతంగానే చేశావురా విల్సన్, కాదనను" అన్నారు. "దీని ముందు ఎవర్ని నిలబెట్టి పాడిద్దామో అది కూడా నువ్వే చెప్పు."