సాయిబుగారి ప్రయాణ ముహూర్తం

కంకణపురం ఏలే గోపభూపతికి ఒక పిచ్చి ఉండేది. ఊళ్ళోకి కొత్తగా ఎవరొచ్చినా కొలువుకి పిలిపించి, మా ఊరు ఎలా ఉందని అడిగేవాడు. వచ్చినవాళ్ళు గోపురాలు బాగున్నాయనేవారు, ఉత్సవాలు బాగున్నాయనేవారు, శాలువా కప్పించుకుని వెళ్ళిపోయేవారు. రాజుగారికి తాంబూలం అందించే అడపం కొమ్మనకి ఆ జవాబులన్నీ కంఠతా వచ్చు. అవి వింటూ ఆవలింత ఆపుకోవడమే అతని ఉద్యోగంలో కష్టమైన పని.

ఒక పూట యూసుఫ్ సాయిబు వంతు వచ్చింది. అరబ్బు దేశం నుంచి ఓడలో గుర్రాలు తెచ్చి రాజుగారికి అప్పగించిన వర్తకుడు. అప్పుడు గుర్రాల సంబరంలో పడి రాజుగారు అతన్ని ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగాడు. నిజమే చెప్పమన్నాడు కూడా.

"ప్రభూ, మా దేశంలో రోజుకి ఐదుసార్లు దేవుడి ముందు వంగుతాం. మీ ఊళ్ళో ఉప్పడిగినా దేవుడే, తుమ్మినా దేవుడే."

కొమ్మన ఆవలింత ఎగిరిపోయింది.

సాయిబు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. సత్రంలో కూరలో ఉప్పు చాలక పక్కింట్లో అడిగితే, దీపాలు పెట్టాక ఉప్పు ఇవ్వకూడదని ఇల్లాలు తలుపేసుకుందట. గడప మీద కూర్చుంటే ముసలమ్మ గదిమిందట. గుర్రాలు అప్పగించిన రోజు జోళ్ళు విడిచి కొలువులోకి వచ్చి వెళ్ళేసరికి అవి మాయమయ్యాయట. ఇదీ ఆచారమే కాబోలని ఎవర్నీ అడగకుండా వట్టికాళ్ళతో తిరుగుతున్నాడట. అయితే ఏ గుడి ముందునుంచి నడిచినా ఎవరో ఒకరు పిలిచి దోసిట్లో ప్రసాదం పెట్టారని, ఇంత కడుపునిండా తిన్న ఊరు ఇంకొకటి లేదని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊళ్ళోకి రావడం సుఖంగా ఉంది ప్రభూ. పోవడమే కుదరడం లేదు."

కోట దాటే చీటీ మీద ముద్ర పడాలంటే ఆస్థాన జ్యోతిష్కులు లింగావధానులు ముందు ముహూర్తం బాగుందనాలి. ఆయన రోజుకొకటి చెబుతున్నాడు. ఒకరోజు వర్జ్యం, ఒకరోజు అమావాస్య, ఇంకోరోజు పిల్లి. అసలు సంగతి వేరే ఉంది. గుర్రాలు పంచాంగం చూస్తాయా అని సాయిబు తెలియక అడిగాడు, ఆయన దాన్ని మనసులో పెట్టుకున్నాడు. ఓడ ఎల్లుండి కదులుతుంది. రేవుకి రెండు రోజుల దారి. ఇవాళ బయల్దేరకపోతే మళ్ళీ గాలి మళ్ళేదాకా ఓడ లేదు. రంజాన్ నెలకి ఇంట్లో ఉంటానని తల్లికి మాటిచ్చి వచ్చాడు పాపం.

ఇంకో పది రోజుల దాకా ప్రయాణానికి మంచి ఘడియ లేదని అవధానులు గడ్డం పైకెత్తి చెప్పాడు.

రాజుగారికి సాయిబు మీద జాలేసింది. అవధానుల్ని కాదనడానికి ధైర్యం చాల్లేదు. కొమ్మన వైపు తిరిగి, "పంచాంగం తప్పకూడదు, సాయిబు ఇవాళే పోవాలి. దారి చూపించావా, నా మెడలో హారం నీది. చూపించలేకపోయావా, ఏడాదిపాటు అవధానులవారి పంచాంగాల మూట నువ్వే మోయాలి," అన్నాడు.

ఆ మూట ఎంతుంటుందో కొమ్మనకి తెలుసు. అవధానుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవధానులుగారూ, పోయిన నెల మంగళవారం పూట పొరుగూరి విందుకి వెళ్ళారు. దోషం లేదా?"

"ప్రస్థానం పెట్టానోయ్. ముందురోజు మంచి ఘడియలో నా గొడుగు పక్కింటికి పంపాను. ఒంటికి వాడుకునే వస్తువేదైనా మంచి ఘడియలో గుమ్మం దాటితే మనిషి దాటినట్టే. తర్వాత ఏడు రోజుల్లో ఎప్పుడు కదిలినా దోషం లేదు."

"సాయిబు గుర్రాలతో వచ్చిన ఘడియ ఎలాంటిది?"

"అమృతఘడియ. నేను పెట్టిన ముహూర్తం. ఇవాళ్టికి ఏడో రోజు."

కొమ్మన రాజుగారి వైపు తిరిగాడు. ఆ ఘడియలోనే సాయిబు జోళ్ళు గుమ్మంలో గుర్రాలకి అడ్డమొస్తున్నాయని కావలివాడు తీసుకెళ్ళి కోట బయట చావట్లో పెట్టాడని, పొద్దున తాను చూసినప్పుడు కూడా అక్కడే ఉన్నాయని చెప్పాడు.

"సాయిబు బయల్దేరి ఏడు రోజులైంది ప్రభూ. ఇక వెళ్ళి తన జోళ్ళని కలుసుకోవడమే మిగిలింది."

తోలు వస్తువు ప్రస్థానానికి పనికిరాదని అవధానులు లేచాడు.

"దండయాత్రకి ముందు ప్రభువులవారి కత్తిని ప్రస్థానం పంపించింది మీరే. దాని ఒర దేంతో చేశారండీ?"

అవధానులు రాజుగారి నడుముకున్న తోలు ఒర చూసి తల తిప్పుకున్నాడు. రాజుగారు చీటీ మీద ముద్ర వేశాడు. సాయిబు గుమ్మం వైపు నడిచాడు. ఉక్రోషంతో అవధానులు కూడా పైపంచె దులిపి భుజాన వేసుకుని, భోజనానికి ఇంటికి పోతున్నానంటూ కదిలాడు. దులిపిన దుమ్ము ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మాడు.

సభంతా బిగుసుకుపోయింది. సాయిబు ఒక కాలు గాల్లో ఉండగా ఆగిపోయాడు. ఏడు రోజుల్లో ఆ మాత్రం నేర్చుకున్నాడు.

కొమ్మన చెంబుతో మంచినీళ్ళు తెచ్చాడు. సాయిబుని దాటుకుని వెళ్ళి అవధానుల చేతిలో పెట్టాడు.

"ఆయన ఏనాడో బయల్దేరాడు. ఇప్పుడు బయల్దేరుతున్నది మీరే. కాసేపు కూర్చుని వెళ్ళండి."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభ నవ్వింది. నీళ్ళు తాగుతూ అవధానులకి కూడా నవ్వొచ్చి పొలమారింది. హారం తీసి కొమ్మన మెడలో వేసి, సాయిబుకి దారిబత్తెంగా ఏమిద్దామని రాజుగారు అడిగాడు.

"ఒక మూట ఉప్పు ప్రభూ," అన్నాడు కొమ్మన. "దీపాలు పెట్టకముందే ఇప్పించండి."