చేపా, చాపా, సుంకమ్మా?

తాబేలు ఏం తింటుందర్రా? చెప్పండి చూద్దాం. అబ్బబ్బా, అందరూ ఒక్కసారే అరిస్తే ఏం వినబడుతుంది? చేతులెత్తి ఒక్కొక్కరే చెప్పండి. ఒకరు చేపలన్నారు, ఒకరు పాలన్నారు, చిన్నోడు లడ్డూ అన్నాడు. సరిపోయింది. ఆ ఊళ్ళోనూ అచ్చం ఇలాగే జరిగింది.

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్న కాలంలో ఒక మెట్ట ఊరు. మెట్ట అంటే తెలుసుగా? వాన పడితేనే పంట, కాలవ నీళ్ళుండవు. ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒకావిడ. పొద్దున్నే సజ్జచేలో కలుపు తీసేది, సాయంత్రం సంగటి ముద్ద తినేది, పడుకునేది. నా అన్నవాళ్ళు లేరు. చెవులు సరిగ్గా వినపడవు. అందుకని ఊరంతా ఆమెతో అరిచి మాట్లాడేది. అరిచినా సగమే వినపడేది. మిగతా సగం ఆమే అల్లుకునేది.

ఒకరోజు కలుపు తీస్తుంటే చేతికి రాయి తగిలింది. ఆ రాయి కదిలింది. చూస్తే తాబేలు! వీపు నిండా పసుపుపచ్చ చుక్కలు, గీతలు, ఎవరో ముగ్గేసినట్టు. కాలికి దెబ్బ తగిలి కుంటుతోంది. ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. మీరు మాత్రం అలా తేకూడదు, అడవి ప్రాణిని అడవిలోనే ఉండనివ్వాలి. అది ఆ కాలం.

తాబేలు అరవదు. "ఏం చెవిటిదానా" అనదు. తల బయటికి పెట్టి ఆమెకేసి చూస్తుంది, అంతే. సుంకమ్మకు అదే పదివేలు.

కానీ అది తినదే! తాబేలంటే నీళ్ళల్లో ఉండేదే కదా అని గంగాళంలో దాని మెడదాకా నీళ్ళు పోసి వదిలింది. అది మెడ పైకి సాచి రొప్పింది. తన సంగటిలో సగం పెట్టింది. మూతి తిప్పుకుంది. రానురాను కళ్ళు కూడా తెరవడం మానేసింది. ఇదీ పోతే, ఇంట్లో మళ్ళీ తనొక్కతే. ఎవరైనా వస్తే అడుగుదామని సుంకమ్మ గుమ్మంలో కూర్చుని దారి చూసింది.

కుంటలో చేపలు పట్టే ఈరన్న వచ్చాడు.

"దీనికేం పెట్టేది నాయనా?"

"చేప పెట్టవ్వా! చేప!" అని అరిచాడు ఈరన్న.

సుంకమ్మకు "చాప" అని వినపడింది. తాబేటికి చాపెందుకు? ఆమెకేమీ అర్థం కాలేదు. అయినా పెట్టింది. నీళ్ళలోంచి తీసి, ఎండపొడ తగిలేచోట తన ఈతచాప పరిచి దానిమీద పడుకోబెట్టింది. తాబేలు రొప్పడం మానింది.

పాలమ్మే మద్దిలేటి వచ్చాడు.

"దీనికేం పెట్టేది నాయనా?"

"పాలు పొయ్యి పెద్దమ్మా! పాలు!"

సుంకమ్మకు "పూలు" అని వినపడింది. తాబేటికి పూజేమిటి? ఆమెకేమీ అర్థం కాలేదు. అయినా పోసింది. పాదులోని గుమ్మడిపూలు కోసుకొచ్చి దాని ముందు పోసింది. తాబేలు ఒక కన్ను తెరిచింది. ఒక్క రేకు, ఒకే ఒక్క రేకు కొరికింది.

గుడి అయ్యవారు వచ్చాడు.

"దీనికేం పెట్టేది సామీ?"

అయ్యవారు తాబేటికి దణ్ణం పెట్టాడు. "అది కూర్మం, సుంకమ్మా! కూర్మం! చక్కెరపొంగలి నైవేద్యం పెట్టు!"

సుంకమ్మకు "కూర" అని వినపడింది. మిగతాది గాలికి పోయింది. ఏ కూర? తోటకూరా, చుక్కకూరా? ఇంట్లో ఏ కూరా లేదే! ఆమెకేమీ అర్థం కాలేదు. అయినా పెట్టింది. పక్కింటి మేకకని ఒడిలో తెచ్చిన కలుపుంది. గరిక, గలిజేరు, పల్లేరు. "ఇదీ ఆకే కదా తల్లీ" అని గుమ్మరించింది.

తాబేలు రెండు కళ్ళూ తెరిచింది. కుంటుకుంటూ వచ్చి తింది. ఆగి మళ్ళీ తింది. సుంకమ్మ ఏడ్చింది.

ఇప్పుడు బాగా వినండి. నీళ్ళ తాబేలు వేరు, మెట్ట తాబేలు వేరు. మెట్ట తాబేటికి కావలసింది గడ్డి, ఆకు, పూరేకు, పడుకోవడానికి పొడినేల. దానికి చేప పడదు, పాలు పడవు, పొంగలి పడదు. ఆ సంగతి ముగ్గురికీ తెలీదు. సుంకమ్మకూ తెలీదు.

తాబేలు బతికిందని తెలిసి ముగ్గురూ వచ్చారు.

"మీరు చెప్పినట్టే చేశాను నాయనా," అంది సుంకమ్మ.

"చూశారా నా చేప!" అన్నాడు ఈరన్న.

"నీ చేప కంపుకి చచ్చేదే. బతికించింది నా పాలు!" అన్నాడు మద్దిలేటి.

"అంతా నైవేద్య మహిమ," అన్నాడు అయ్యవారు.

సుంకమ్మ పెరట్లోకి తీసుకెళ్ళి చూపించింది. చాప. వాడిన పూలు. కలుపు.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఈరన్న ఆమె చెవిలో అరిచాడు. "అవ్వా, నేను చెప్పింది చేప!"

"అవును నాయనా, చాపే. అదిగో!"

అప్పటిదాకా అర్థం కానిది సుంకమ్మ ఒక్కదానికే. ఆనాటి నుంచి ఊరందరికీ. తప్పు చెప్పింది వీళ్ళు, తప్పు విన్నది ఆమె, మరి ఒప్పు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

చాన్నాళ్ళకు సుంకమ్మ పోయింది. తాబేలు కుంటుకుంటూ సజ్జచేలోకి వెళ్ళి, ఆమె కలుపు తీసే సాలు పక్కన నిలబడింది. పోదు, తినదు. కలుపు తీసే ఆడవాళ్ళకు ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి ఒకామె పిడికెడు కలుపు దాని ముందు పెట్టి, ఆనాడు సుంకమ్మకు వినపడ్డ మాట గుర్తొచ్చి, "కూర, సుంకమ్మా!" అని గట్టిగా అరిచింది. అప్పుడు తింది. తిని పొదల్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కలుపు తీసేటప్పుడు మొదటి పిడికెడు గట్టు మీద పెట్టి, "కూర, సుంకమ్మా!" అని అరుస్తారు. అది తాబేటికో, ఆమెకో, అడిగితే ఎవరూ చెప్పలేరు. ఎవరైనా తెలిసీ తెలియని సలహా ఇస్తే, "చేపా, చాపా?" అంటారు. సలహా ఇచ్చినవాడు నవ్వేసి ఊరుకోవాలి.

ఏమిటే బుజ్జీ? సుంకమ్మకు నిజంగానే వినపడలేదా, కావాలనే అలా చేసిందా అంటావా? ఏమో తల్లీ! నేనూ మా అవ్వను అదే అడిగాను. ఆవిడకి నా మాట వినపడలేదు.

ఉండండి, లోపల్నుంచి మీ అమ్మ పిలుస్తోంది. ఉప్పందో, పప్పందో. పప్పే అయ్యుంటుంది, చేటలో సగం ఏరి అలాగే వదిలేసి వచ్చాను. లేవండి, దారివ్వండి.